మంచుగడ్డను చేసిన వైద్యుడు: జాన్ గోర్రీ

వేసవిలో మధ్యాహ్నపుటెండలో నడచి ఇల్లు చేరినవానికి చల్లని మంచినీటికంటె ప్రియమైన వస్తువు లేదు. ఆ నీటిలో రెండు మంచుముక్కలు కూడ తేలుచున్నచో ఆ సుఖమును వేరుగా వర్ణింపనక్కరలేదు. నేడు మంచుగడ్డ మనకు వింతవస్తువు కాదు. వీధి చివర చెరకురసము అమ్మువాని బండిపై అది కలదు. చేపలను దూరప్రాంతములకు పంపు రేవులలో అది కలదు. అనేకుల యిండ్లలోని రిఫ్రిజిరేటర్లలో అది కలదు. బల్లపై నుంచుకొని, కావలసినచోటికి చేతులతో ఎత్తుకొనిపోదగిన చిన్న మంచుయంత్రములు కూడ నేడు బజారున దొరకుచున్నవి. వానిలో నీరు పోసి మీట నొక్కినచో కొన్ని నిమిషములలోనే మంచుముక్కలు గలగల రాలును.

రెండువందల సంవత్సరములకు పూర్వము లోకస్థితి ఇట్లుండలేదు. చలిదేశములలో శీతకాలమున చెరువులు గడ్డకట్టినపుడు ప్రకృతి ఇచ్చిన మంచుగడ్డనే మనుష్యుడు దాచుకొని వాడుకొనుచుండెను. ఉష్ణదేశమున నడివేసవిలో యంత్రముచే మంచుగడ్డను తయారు చేయవచ్చునని ఎవరైన చెప్పినచో వానిని పిచ్చివానిగా చూచెడివారు. అట్టి పరిహాసమును సహించి, జ్వరపీడితుల కొరకు తన వృత్తిని, ధనమును, తుదకు ఆరోగ్యమును గూడ ధారవోసిన మహనీయుడు జాన్ గోర్రీ.

గోర్రీ 1803వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన జన్మించెను. అతని బాల్యము అమెరికా సంయుక్తరాష్ట్రములలో దక్షిణ కరోలినాయందలి కొలంబియా పట్టణమున గడచెను. యుక్తవయస్సు రాగానే అతడు ఉత్తరమున న్యూయార్కు రాష్ట్రమునకు పోయి, ఫెయిర్‌ఫీల్డు అను ఊరిలోని వైద్యకళాశాలలో చదివి, 1827లో వైద్యుడయ్యెను. కొంతకాలము దక్షిణ కరోలినాలో వైద్యము చేసి, 1833లో ఫ్లారిడాలోని అపలాచికోలా అను రేవుపట్టణమునకు వచ్చి స్థిరపడెను.

అపలాచికోలా నది మెక్సికో సింధుశాఖలో కలియుచోట ఆ పట్టణము వెలసినది. ఎగువ భూములలో బానిసల చెమటతో పండిన పత్తి పడవలమీద నది వెంట దిగివచ్చి, అక్కడ ఓడల కెక్కుచుండెను. వర్తకము పెరిగినకొలది పట్టణము పెరిగెను. కాని దాని చుట్టును చిత్తడినేలలు, మడుగులు వ్యాపించియుండెను. వేసవి వచ్చినచో గాలి స్తంభించి, ఉక్కపోత భరింపరానిదగుచుండెను. ఎండలతోపాటు జ్వరములు ప్రవేశించుచుండెను. ధనవంతులు ఊరు విడిచి చల్లని తావులకు పోవుచుండిరి. పేదలును, పని విడువలేనివారును, పరదేశములనుండి వచ్చిన నావికులును ఆ జ్వరముల వాత బడుచుండిరి.

గోర్రీ కొలదికాలములోనే పట్టణప్రజల ఆదరమునకు పాత్రుడయ్యెను. అతడు తపాలా అధికారిగా పనిచేసెను. 1837లో నగరాధ్యక్షుడుగా నుండెను. పట్టణములోని బ్యాంకు వ్యవహారములలోను, దేవాలయ నిర్మాణములోను పాలుగొనెను. 1838లో వివాహము చేసికొనెను. అతనికి ఒక కుమారుడును, ఒక కుమార్తెయు కలిగిరి. మడుగులలోని నీటిని కాలువల ద్వారా తీసివేయవలెననియు, వీధులలో చెత్త కుళ్లనీయరాదనియు, పడకలకు పలుచని వస్త్రముతో తెరలు కట్టుకొనవలెననియు అతడు పౌరులకు బోధించుచుండెను. ఈ స్థితిలోనే నిలిచియున్నచో అతడు సుఖముగా, గౌరవముగా జీవితమును గడపియుండును.

కాని జ్వరములు అతనిని నిశ్చింతగా నుండనీయలేదు. అచట రెండు విధములైన జ్వరములు ప్రబలియుండెను. ఒకటి వణుకుతో వచ్చు మలేరియా. రెండవది పచ్చజ్వరము. పచ్చజ్వరము తీవ్రమైనపుడు రోగి చర్మమును, కన్నులును పసుపు వర్ణమునకు తిరుగును, నల్లని వాంతులగును, పలువురు కొలది దినములలోనే కన్నుమూయుదురు. 1841లో ఈ వ్యాధి ఫ్లారిడా తీరమున విజృంభించెను. అపలాచికోలాకు సమీపమున నున్న సెయింట్ జోసెఫ్ అను రేవుపట్టణము ఆ దెబ్బతో క్షీణించి, కొలదికాలములోనే పాడుపడిపోయెను. రోగి మంచము ప్రక్కన కూర్చుండి, చేయునది లేక, వాని ఊపిరి ఆగిపోవుటను చూచుట కంటె వైద్యునకు దుర్భరమైన స్థితి వేరొకటి లేదు. గోర్రీ అట్టి రాత్రు లనేకము గడపెను.

ఆ కాలమున ఈ జ్వరములకు కారణమేమో ఎవరికిని తెలియదు. చిత్తడినేలలలో ఆకులు అలములు కుళ్లుటచే పుట్టిన చెడుగాలియే వ్యాధిని కలిగించునని వైద్యులు నమ్ముచుండిరి. మలేరియా అను పేరునకే చెడుగాలి అని అర్థము. గోర్రీయు అట్లే నమ్మెను. అయితే అతడు మరియొక విషయమును శ్రద్ధగా గమనించెను. ఈ జ్వరములు వేడియు, తేమయు అధికముగా నున్న మాసములలో పెచ్చుపెరుగుచున్నవి. చలికాలము రాగానే తగ్గిపోవుచున్నవి. కనుక రోగి యుండు గదిలోని గాలిని చల్లబరచినచో వానికి మేలు కలుగునని అతడు నిశ్చయించెను.

ఆ నిశ్చయమును అతడు వెంటనే ఆచరణలో పెట్టెను. గది పైకప్పునుండి ఒక తొట్టిని వ్రేలాడదీసి, అందులో మంచుగడ్డలను ఉంచెను. బయటి గాలి ఒక గొట్టము ద్వారా వచ్చి ఆ మంచుగడ్డలను తాకి చల్లబడుచుండెను. చల్లనిగాలి వెచ్చనిగాలికంటె బరువైనది గనుక అది క్రిందికి దిగి, రోగి మంచముపై ప్రసరించి, నేలకు సమీపమున అమర్చిన రంధ్రము ద్వారా వెడలిపోవుచుండెను. జ్వరముతో కాలిపోవుచున్నవారికి ఆ చల్లదనము ఎంతో ఉపశమనము నిచ్చెను. నేడు మన ఆసుపత్రులలోను, కార్యాలయములలోను కనబడు చల్లని గదులకు ఆ రోగి గది ఒక పూర్వరూపము.

ఇచట ఒక గొప్ప చిక్కు ఎదురయ్యెను. ఫ్లారిడాలో మంచుగడ్డ పుట్టదు. దానిని ఉత్తరదేశమునుండి ఓడలలో తెప్పింపవలసియుండెను. ఆ వ్యాపారమునకు ఆద్యుడు బోస్టను నగరవాసి ఫ్రెడరిక్ ట్యూడర్. అతడు శీతకాలమున గడ్డకట్టిన చెరువులను పలకలుగా కోయించి, రంపపుపొట్టులో పొదిగి, ఓడల కెక్కించి వేడిదేశములకు పంపుచుండెను. 1833లో అతని మంచుగడ్డ నాలుగు మాసములు సముద్రముపై ప్రయాణము చేసి కలకత్తా చేరెను. పిమ్మట మన చెన్నపట్టణమునకును వచ్చెను. ఆ మంచును నిలువచేయుటకు కట్టిన భవనము నేటికిని సముద్రతీరమున నిలిచియున్నది. ఐస్ హౌస్ అను పేర ప్రసిద్ధమైన ఆ భవనముననే 1897లో స్వామి వివేకానందుడు కొన్ని దినములు బస చేసెను. ఆనాటి మన పూర్వులు మంచుగడ్డ కొరకు అమెరికా ఓడవైపు చూచినట్లే, అపలాచికోలా ప్రజలును ఉత్తరదిశనుండి వచ్చు ఓడవైపు చూచుచుండిరి. ఓడ ఆలస్యమైనను, ఉత్తరమున చలి తక్కువైనను మంచు దొరకదు. దొరకినను దాని వెల పేదవాని కందదు. జ్వరమా, ఓడ వచ్చువరకు ఆగదు.

మంచుకొరకు ఓడపై ఆధారపడుట వ్యర్థమని గోర్రీ గ్రహించెను. మంచును తన ఊరిలోనే తయారుచేయవలెను. అది ఒక్కటే మార్గము. 1844లో అతడు జ్వరములను గురించియు, గాలిని చల్లార్చు పద్ధతిని గురించియు స్థానిక పత్రికలో జెన్నర్ అను మారుపేరుతో వ్యాసములు వ్రాసెను. మశూచికమునకు టీకాను కనుగొనిన మహావైద్యుని పేరది. 1845 మొదలు అతడు వైద్యవృత్తిని చాలవరకు విడిచి, యంత్రనిర్మాణమునకే తన కాలమును వినియోగించెను. సంపాదన తగ్గెను, వ్యయము పెరిగెను. అతడు వెనుదీయలేదు.

గోర్రీ యంత్రమునకు ఆధారమైన సూత్రము మిక్కిలి సులభమైనది. గాలిని బలముగా నొక్కి కొద్దిచోటిలో ఇమిడ్చినచో అది వేడెక్కును. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వెచ్చబడుట మన కందరకు అనుభవమే. అట్లు నొక్కబడిన గాలియందలి వేడిమిని నీటిచే తొలగించి, పిమ్మట ఆ గాలిని పెద్దచోటిలోనికి వదలి వ్యాకోచింపనిచ్చినచో అది మిక్కిలి చల్లబడును. ఏలయన, వ్యాకోచించునపుడు పిస్టనును త్రోయుటకు వలయు శక్తిని ఆ గాలి తనలోని వేడిమినుండియే వెచ్చించును.

ఈ సూత్రము ననుసరించి గోర్రీ రెండు సిలిండర్లు గల యంత్రమును కల్పించెను. మొదటి సిలిండరులో గాలి నొక్కబడును. అప్పుడు పుట్టిన వేడిమిని చల్లని నీరు హరించును. అట్లు చల్లారిన గాలి రెండవ సిలిండరులో ప్రవేశించి వ్యాకోచించును. ఆ సిలిండరు చుట్టును ఉప్పునీరు ఉండును. మంచినీరు గడ్డకట్టునంత చలిలోకూడ ఉప్పునీరు గడ్డకట్టక ద్రవముగానే నిలుచును గనుక అది చలిని మోసికొనిపోవుటకు తగినది. ఆ ఉప్పునీటి చలిచే మంచినీరు గడ్డకట్టి మంచుగా మారును. అంతేకాదు, వ్యాకోచించు గాలి పిస్టనును త్రోయుటచే పుట్టిన శక్తిలో కొంతభాగమును తిరిగి మొదటి సిలిండరులో గాలిని నొక్కుటకే ఉపయోగించెను. శక్తి వృథాకాకుండ చూచిన ఆ నేర్పు మెచ్చదగినది.

యంత్రము పనిచేసెను. నడివేసవిలో మంచుగడ్డ తయారయ్యెను. ఈ విషయమై ఆ పట్టణమున ఒక కథ ప్రచారములో నున్నది. 1850వ సంవత్సరము జూలై 14వ తేదీన ఫ్రెంచి జాతీయోత్సవ సందర్భమున ఒక హోటలులో విందు జరిగెనట. మంచుగడ్డల ఓడ రాలేదు. అతిథులు వెచ్చని పానీయములతోనే తృప్తిపడవలెనేమో యని విచారించుచుండగా, సేవకులు వెండిపళ్లెములలో మంచుగడ్డలను తెచ్చిరట. ఓడ లేకుండ మంచు ఎట్లు వచ్చెనని అందరును ఆశ్చర్యపడిరట. అది వైద్యుని యంత్రమునుండి వచ్చినదని తెలిసి వారు అతనిని ప్రశంసించిరట. 1851వ సంవత్సరము మే 6వ తేదీన అమెరికా ప్రభుత్వము ఆ యంత్రమునకు 8080వ సంఖ్యగల పేటెంటును ప్రసాదించెను.

యంత్రము సిద్ధించెను, పేటెంటు లభించెను. ఇక కష్టములు తీరినవని గోర్రీ తలచియుండవచ్చును. కాని నిజమైన కష్టములు అప్పుడే ఆరంభమయ్యెను. యంత్రములో గాలి కారిపోవుట మొదలగు లోపము లుండెను. వానిని సవరించి పెద్దయంత్రములు నిర్మించుటకు ధనము కావలెను. అతడు ధనవంతులను ఆశ్రయించెను. సాయపడుటకు ముందుకు వచ్చిన భాగస్వామి మరణించెను. ఇతరులెవరును ముందుకు రాలేదు. ఉత్తరదేశపు పత్రిక యొకటి అతనిని ఎగతాళి చేసెను. మంచును సృష్టించుట దేవుని పని యనియు, దానికి పూనుకొనినవాడు మతిలేనివాడనియు పరిహసించెను. చెరువుల మంచును అమ్ముకొను వ్యాపారి ట్యూడరే ఈ పరిహాసమునకు వెనుక నున్నాడని గోర్రీ అనుమానించెను. 1854లో తన యంత్రమును గురించి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. లోకము దానిని పట్టించుకొనలేదు.

ఆశ లడుగంటిన గోర్రీ తన ఊరికి తిరిగివచ్చెను. చేతిలో ధనము లేదు. ఆరోగ్యము చెడెను. అనేకులను జ్వరమునుండి కాపాడగోరిన వైద్యుడు తానే శయ్యపాలయ్యెను. 1855వ సంవత్సరము జూన్ 29వ తేదీన, ఏబదియొకటవ యేట, అతడు కన్నుమూసెను. అప్పటికి అతని యంత్రము ఒక్క కర్మాగారమునందైనను నెలకొనలేదు.

అయినను అతడు నాటిన బీజము నశింపలేదు. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము జరిగెను. ఉత్తరపు మంచుగడ్డ దక్షిణమునకు రాకుండ నిలిచిపోయెను. అప్పుడు దక్షిణ రాష్ట్రములవారు ఫ్రాన్సుదేశస్థుడైన ఫెర్డినాండ్ కారే నిర్మించిన మంచుయంత్రములను తెప్పించుకొని వాడిరి. యంత్రముచే మంచును చేయుట పిచ్చివాని కల కాదని లోకము గ్రహించెను. ఆ శతాబ్దము ముగియునప్పటికి మంచు కర్మాగారములు అనేక దేశములలో వెలసెను. చెరువుల మంచును ఓడలలో పంపు వ్యాపారము క్రమముగా అంతరించెను.

గోర్రీ భావించిన వ్యాధికారణము మాత్రము సరియైనది కాదు. 1897లో మన సికింద్రాబాదునందు రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమను కోసి, సూక్ష్మదర్శినితో పరీక్షించి, మలేరియా క్రిములు దోమలో పెరుగునని కనుగొనెను. 1900లో వాల్టర్ రీడ్ అను వైద్యుడును, అతని సహచరులును క్యూబాదేశమున పరీక్షలు చేసి, పచ్చజ్వరమును కూడ దోమయే వ్యాపింపజేయునని రుజువుచేసిరి. చెడుగాలి కారణము కాదని తేలిపోయెను. కాని మడుగులను ఎండగట్టవలెనని, పడకలకు తెరలు కట్టవలెనని గోర్రీ చేసిన బోధ నేటికిని చెల్లుచున్నది. కారణమును పొరబడినను, రోగిని శ్రద్ధగా పరిశీలించినవాడు మంచిమార్గమును కొంతవరకైనను చూడగలడు.

మన యిండ్లలోని చిన్న మంచుయంత్రమున గాలికి బదులుగా వేరొక వాయువు ఉపయోగపడుచున్నది. దానిని నొక్కి, వేడిమిని బయటికి త్రోసి, ద్రవముగా మార్చి, మరల ఆవిరి కానిత్తురు. ఆవిరి యగునపుడు అది చుట్టునున్న వేడిమిని హరించును. చల్లబడిన లోహపు కడ్డీలు నీటిలో మునిగియుండగా వాని చుట్టును మంచు పేరుకొనును. పిమ్మట కడ్డీలను కొంచెము వెచ్చజేయగా ముక్కలు జారి బుట్టలో పడును. నీటినుండి తీసిన వేడిమి యంత్రమునుండి బయటికి రావలెను గనుక యంత్రమును గోడకు ఆనించి ఉంచరాదు. చుట్టును గాలి యాడు చోటు విడువవలెను. దానిని సమతలమున నిలుపవలెను. ఒకచోటినుండి మరియొకచోటికి తెచ్చినపుడు కొన్ని గంటలు నిలువుగా ఉంచిన పిమ్మటనే నడుపవలెను. బుట్టలో పడిన మంచును ఆలస్యము చేయక వాడవలెను. అచ్చట నిలిచినచో అది కరగి మరల తొట్టిలోని నీటిలో కలియును. పని ముగిసినపుడు మిగిలిన నీటిని పారబోసి, తొట్టిని తుడిచి ఆరబెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, త్రాగదగిన శుభ్రమైన నీటినే పోయుట. గడ్డకట్టినంత మాత్రమున మురికినీటిలోని క్రిములన్నియు నశింపవు. మంచును ఔషధముగా భావించిన వైద్యుని యంత్రమునుండి పుట్టిన సంప్రదాయమును మనము రోగకారణముగా చేయరాదు.

గోర్రీ వలె గాలినే నొక్కి, వ్యాకోచింపజేసి చల్లార్చు పద్ధతియు అంతరింపలేదు. ఆకాశమున పోవు విమానములలో ప్రయాణికులు కూర్చుండు చోటు నేటికిని ఆ విధముగనే చల్లబరుపబడుచున్నది.

కాలము గడచినపిదప గోర్రీకి రావలసిన కీర్తి వచ్చెను. 1914లో ఫ్లారిడా రాష్ట్రము అతని పాలరాతివిగ్రహమును వాషింగ్టను నగరమునందలి శాసనసభాభవనమున ప్రతిష్ఠింపజేసెను. అపలాచికోలాలో అతని పేర ఒక ప్రదర్శనశాల వెలసెను. ఒకనాడు నవ్వినవారి పేర్లు నేడెవరికిని తెలియవు.

సత్కార్యమునకు పూనుకొనినవానికి ఫలము అతని జీవితకాలముననే లభింపవలెనను నియమము లేదు. మామిడిటెంక నాటిన ముదుసలి ఆ చెట్టుపండ్లను తినకపోవచ్చును, మనుమలు తిందురు. గోర్రీ కీర్తికొరకు గాని, భోగులు చల్లని పానీయములు త్రాగుటకొరకు గాని మంచును కోరలేదు. జ్వరముతో తపించు పేదరోగి నుదుటికి చల్లదనము చేకూర్చుటకే కోరెను. మండువేసవిలో మన గ్లాసులో మంచుముక్క తేలునపుడు, ఓడ రాని ఊరిలో రోగి ప్రక్కన మేలుకొనియున్న ఆ వైద్యుని ఒక్కమారు స్మరించుట మన ధర్మము.